మీరు అడిగారు: పాత బ్రిటిష్ బైకు రేసు సినిమాలు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద వచ్చాయి. బ్రిటన్‌లో 1930ల నుంచి 1980 దాకా వచ్చిన మోటారు సైకిల్ రేసు సినిమాల గురించే అందరూ అడిగారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, జవాబు ఎంత అవసరమో అంతే రాశాం.

ప్రశ్న: ఈ సినిమాలు ఒక్కటీ చూడలేదు. కథలు నాసిరకం అని విన్నాను. మరి ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ఎందుకు చూస్తున్నారు? దేనితో మొదలుపెట్టాలి?

కథలు నాసిరకమన్న మాట చాలావరకు నిజమే. డబ్బులేని కుర్రాడు, వాడు చేతులారా బిగించుకున్న బండి, పొగరుబోతు ప్రత్యర్థి, మధ్యలో ఒక అమ్మాయి, ఆఖర్న రేసు. ఇంటర్వెల్ దగ్గరే ముగింపు చెప్పేయొచ్చు. అయినా చూస్తున్నారంటే కారణం కథ వెనకాల ఉంది. రోడ్డు నిజం, బండి నిజం, గోడ పక్కన నిలబడ్డ జనం నిజం. స్టూడియోలో కట్టలేనివాటిని కెమెరా ముందు పెట్టక తప్పలేదు కాబట్టి, ఆనాటి రేసు ఎలా ఉండేదో ఈ సినిమాలు తమకు తెలియకుండానే దాచిపెట్టాయి.

మొదట 1935 నాటి ‘నో లిమిట్’ చూడండి. మాంటీ బ్యాంక్స్ దర్శకుడు, జార్జ్ ఫోర్మ్‌బీ హీరో. విగన్ ఊరి కుర్రాడు సొంత బండితో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) రేసుకు బయల్దేరతాడు. హాస్యం కొన్నిచోట్ల పాతబడింది, రోడ్లు మాత్రం పాతబడలేదు. ఆ తర్వాత 1949లో వచ్చిన ‘వన్స్ ఎ జాలీ స్వాగ్‌మన్’. జాక్ లీ దర్శకత్వంలో డర్క్ బొగార్డ్ స్పీడ్‌వే, అంటే మట్టి ట్రాక్ రేసు, రైడర్‌గా వేశాడు. మా లెక్కలో కథాపరంగా వీటన్నిటిలోకీ గట్టిది ఇదే. గాయపడ్డ రైడర్ గతేమిటి, నష్టపరిహారం ఎవరివ్వాలి, రైడర్లు సంఘం పెట్టుకోవచ్చా అని అడిగే రేసు సినిమా ఇంకోటి దొరకడం కష్టం. ఎడిటింగ్ మీద ఆసక్తి ఉంటే 1933 నాటి ‘మనీ ఫర్ స్పీడ్’ వెతకండి. దర్శకుడు బెర్నార్డ్ వోర్‌హాస్, ఎడిటర్ మాత్రం తర్వాత పెద్ద దర్శకుడైన డేవిడ్ లీన్. 1980 నాటి ‘సిల్వర్ డ్రీమ్ రేసర్’ చివరికి ఉంచుకోండి, ఎందుకో కింద చెప్పాం.

ప్రశ్న: పాత సినిమాల్లో బండ్లు భయంకరమైన వేగంతో పోతున్నట్టు కనిపిస్తాయి. అది నిజం వేగమేనా? ఫిల్ము తిప్పే వేగం మార్చి చేసిన మాయా? కనిపెట్టడం ఎలా?

రెండూ ఉన్నాయి, ఒక్కోసారి ఒకే సన్నివేశంలో కలిసి ఉన్నాయి. కనిపెట్టడానికి పాజ్ బటనూ, ఫ్రేము ఫ్రేముగా జరిపే బటనూ ఉంటే చాలు.

ముందు కనికట్టు సంగతి. మాటల సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తెరమీద నడుస్తుంది. తీసేటప్పుడు కెమెరాను 16 ఫ్రేములకు తగ్గిస్తే తెర మీద కదలిక ఒకటిన్నర రెట్లవుతుంది, 12కు తగ్గిస్తే రెట్టింపు. అంటే గంటకు 30 మైళ్లతో నింపాదిగా పోయిన బండి తెర మీద 60తో దూసుకుపోతుంది. 12 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు వెలుతురు రెండింతలు పడుతుంది కనుక కెమెరామన్ లెన్సును ఒక స్టాప్, అంటే వెలుతురు సగమయ్యేంత, మూయాలి. మూయడం మరిచిపోతే ఆ షాట్ పక్క షాట్ల కన్నా తెల్లగా వెలిసిపోయినట్టు వస్తుంది. రేసు మధ్యలో ఉన్నట్టుండి ఆకాశం పాలిపోతే అనుమానించండి.

చాలామంది చక్రం స్పోకుల్ని చూస్తారు. దానివల్ల ఉపయోగం లేదు. కెమెరాను నెమ్మదిగా తిప్పితే షట్టర్ తెరిచి ఉండే సమయం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందుకని స్పోకుల మసక కూడా కనిపించే వేగానికి తగ్గట్టే వస్తుంది. కళ్లు మోసపోయేది అక్కడే.

చూడాల్సింది మనుషుల్ని. రోడ్డు పక్కన మామూలుగా నడిచేవాడు సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాడు, అంటే అడుగుకు పన్నెండు ఫ్రేములు. ఫ్రేములు లెక్కపెట్టండి. ఆరేడుకే అడుగు పడుతుంటే కెమెరా వేగం తగ్గించారన్నమాట. కిందపడే వస్తువు ఇంకా నమ్మకమైన సాక్షి. మెకానిక్ చేతిలోంచి పానా జారి సుమారు 1.2 మీటర్లు పడటానికి అర సెకను, అంటే మళ్లీ పన్నెండు ఫ్రేములే. దర్శకుడు ఎంత తొందరపెట్టినా భూమ్యాకర్షణ తొందరపడదు.

ఇక మలుపు. బండి ఎంత వాలాలన్నది వేగం, మలుపు వ్యాసార్థం ఈ రెండే తేలుస్తాయి. యాభై మీటర్ల వ్యాసార్థమున్న మలుపును గంటకు 30 మైళ్లతో తిరగాలంటే వాలు సుమారు 20 డిగ్రీలు. అదే మలుపులో 60 మైళ్లంటే 56 డిగ్రీలు వాలాలి. 1930ల టైర్లతో అది కుదిరే పని కాదు, బండి జారి గడ్డిలో పడుతుంది. కాబట్టి తెర మీద 60తో పోతున్నట్టున్న బండి కాస్త మాత్రమే వాలి ఉంటే, అది నిజంగా పోయింది 30తోనే. చూపుడు వేలూ బొటనవేలూ తెరకు ఆనించి కోణం పోల్చుకోవచ్చు. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

రైడర్ ముఖం దగ్గరగా కనిపించే షాట్ల సంగతి వేరు. వాటిలో చాలావరకు బ్యాక్ ప్రొజెక్షన్. స్టూడియోలో కదలని బండి మీద నటుడు, వెనక తెర మీద ముందే తీసిన రోడ్డు, ముందు ఫ్యాను. గుర్తులు నాలుగు. నటుడి మీద నీడ ఒక వైపు, వెనక చెట్ల నీడ ఇంకో వైపు ఉంటుంది. రోడ్డు ఎడమకు తిరిగిన క్షణం తర్వాత గానీ నటుడు వాలడు, నిజం రైడర్ ముందే వాలతాడు. గతుకు వస్తే వెనక దృశ్యం ఎగురుతుంది, హ్యాండిల్ మాత్రం కదలదు. వెనక దృశ్యం రెండుసార్లు ఫిల్ముకెక్కింది కనుక ముందున్నదాని కన్నా మసకగా, గరుకుగా ఉంటుంది.

ప్రశ్న: ‘నో లిమిట్’ చూశాను. రేసులో అందరూ ఒకేసారి బయల్దేరకుండా విడివిడిగా పోతున్నారు. మరి ఎవరు ముందున్నారో ఎలా తెలుస్తుంది?

చూసేవాళ్లకు తెలియదు, ఆ రేసు అందమే అది. టీటీ గడియారంతో పోటీ. ఒకరి తర్వాత ఒకరిని నిర్ణీత వ్యవధిలో వదులుతారు, చివరకు ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. ఇళ్ల గోడల మధ్య నుంచీ, వంతెనల మీద నుంచీ, స్నేఫెల్ కొండ మీద నుంచీ పోయే 37.73 మైళ్ల మామూలు రోడ్డది. అక్కడ అందర్నీ ఒక్కసారి వదిలితే మొదటి మలుపులోనే గుట్టపడతారు.

ఇంజను ఆపి ఉన్న బండిని తోసుకుంటూ పరుగెత్తి, క్లచ్ వదిలి, ఇంజను అందుకోగానే పక్కకు కూర్చుని కాలు వేసే పద్ధతిని కూడా గమనించండి. ఆ రోజుల్లో ఆరంభం అలాగే ఉండేది. ఇంజను అందుకోకపోతే గడియారం ఆగదు.

సినిమా తీసిన 1935లోనే జరిగిన అసలు సీనియర్ టీటీ (టీటీలో 500 సీసీ బండ్ల పోటీ) కథ సినిమా కన్నా నాటకీయం. ఏడు ల్యాపులు, సుమారు 264 మైళ్లు. నార్టన్ బండి మీద జిమ్మీ గుత్రీ మొదటి నంబరుగా బయల్దేరాడు. మోటో గూచీ మీద స్టాన్లీ వుడ్స్‌ది ముప్ఫయ్యో నంబరు. అరనిమిషానికొకరు చొప్పున వదిలారు కాబట్టి ఇద్దరికీ మధ్య పద్నాలుగున్నర నిమిషాల ఎడం. ఆఖరి ల్యాపు ముందు వుడ్స్ పెట్రోలు కోసం ఆగుతాడని ప్రత్యర్థులు లెక్కవేసుకున్నారు. అతని పిట్‌లో (బండి ఆపి పెట్రోలు పోసే చోట) కూడా ఆగబోతున్నట్టే సన్నాహాలు కనిపించాయి. అతను ఆగలేదు. గుత్రీ గమ్యం చేరాడు, గెలిచాడని అభినందనలు కూడా అందుకున్నాడు. ఆ తర్వాత పద్నాలుగు నిమిషాలకు వచ్చిన వుడ్స్ నాలుగు సెకన్ల తేడాతో రేసు ఎగరేసుకుపోయాడు. వెనక చక్రానికి స్ప్రింగులున్న బండి సీనియర్ టీటీ గెలవడం అదే మొదలు. వెనక వైపు బిగుసుకుపోయిన ఫ్రేముల మీద గతుకులన్నీ వెన్నుపూసతో లెక్కపెట్టుకునే మిగతా రైడర్లకు దాని అర్థం వెంటనే తెలిసింది.

సినిమా మాత్రం ఈ గడియారపు ఉత్కంఠను పెద్దగా వాడుకోలేదు. ప్రేక్షకుడికి అర్థం కావాలి కదా, అందుకని పక్కపక్కనే పోటీపడే షాట్లు పెట్టారు. నిజం టీటీలో మీ పక్కనున్నవాడు మీకన్నా రెండు నిమిషాలు వెనకబడి ఉండవచ్చు.

ప్రశ్న: ‘నో లిమిట్’ చివర్లో హీరో బండిని తోసుకుంటూ గీత దాటతాడు. నిబంధనలు ఒప్పుకుంటాయా, లేక సినిమా కోసమా?

ఒప్పుకుంటాయి, ఇంకెవరూ చెయ్యి వేయకూడదు, అంతే. సినిమా వచ్చిన పద్నాలుగేళ్లకు నిజంగానే జరిగింది. 1949 సీనియర్ టీటీలో లెస్ గ్రాహం ముందంజలో ఉండగా, గమ్యం రెండు మైళ్లు కూడా లేని చోట అతని ఏజేఎస్ బండిలో మాగ్నెటో షాఫ్టు విరిగింది. మాగ్నెటో అంటే స్పార్కు పుట్టించే భాగం, అది పోతే పెట్రోలు ఎంతున్నా ఇంజను పలకదు. గ్రాహం బండిని గమ్యం దాకా తోసుకుంటూ వచ్చాడు. రేసు మాత్రం నార్టన్ రైడర్ హెరాల్డ్ డేనియల్‌కు దక్కింది. గ్రాహం ఆ ఏడాది 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆ బిరుదు మొదలైందే ఆ ఏడాది. తోసి గెలవడం సినిమాకే చెల్లింది.

ప్రశ్న: ‘వన్స్ ఎ జాలీ స్వాగ్‌మన్’లో బండ్లు మలుపులో అడ్డంగా జారుతూ పోతాయి. బ్రేకు ఎందుకు వేయరు?

లేదు కనుక. స్పీడ్‌వే బండికి బ్రేకులుండవు, గేర్లు మార్చుకునే ఏర్పాటూ ఉండదు. 500 సీసీ ఒంటి సిలిండర్ ఇంజను, మిథనాల్ ఇంధనం, ఒకటే గేరు. అండాకారపు మట్టి ట్రాక్ మీద నలుగురు రైడర్లు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో నాలుగు చుట్లు తిరుగుతారు. ఒక్కో పోటీ ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మొదటివాడికి మూడు పాయింట్లు, తర్వాత రెండు, ఒకటి, సున్నా.

మలుపు తిరగడం ఇలా: లోపలికి రాగానే బండిని ఎడమకు వాల్చి యాక్సిలరేటర్ తెరుస్తారు. వెనక చక్రం పట్టు తప్పి బయటికి కొట్టుకుపోతుంది, ముందు చక్రం కుడికి తిరిగి ఉంటుంది. ఎడమ బూటు కింద ఇనుప తొడుగు నేల మీద జారుతుంటుంది. ఇక్కడ భయపడి యాక్సిలరేటర్ ఠక్కున మూస్తే వెనక చక్రానికి పట్టు ఒక్కసారిగా తిరిగొచ్చి బండి నిటారుగా లేచి రైడర్ని బయటి కంచె వైపు విసిరేస్తుంది. కొత్తవాళ్లకు దెబ్బలు తగిలేది వేగం వల్ల కన్నా వేగం తగ్గించబోయినందువల్లే ఎక్కువ.

ఇప్పుడు చెవులతో ఒక పరీక్ష. ఒకటే గేరు కాబట్టి స్పీడ్‌వే బండి శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది, అంతేగాని గేరు మార్చినట్టు మెట్లుమెట్లుగా పడిపోదు. స్పీడ్‌వే సన్నివేశంలో ఆ మెట్లు వినిపించాయంటే రోడ్డు బండి శబ్దం తెచ్చి అతికించారని అర్థం. టీటీ సన్నివేశాల్లో ఇది తలకిందులు. అక్కడ గేరు మార్పులు వినిపించకపోతేనే అనుమానించాలి.

వాసన తెరమీదకి రాదు గానీ చెప్పకుండా ఉండలేం. ఆ ఇంజన్లలో పోసే రేసింగ్ ఆయిల్ ఆముదంతో చేసింది. స్పీడ్‌వేలో అది చాలా ఏళ్లు నిలిచింది. ట్రాక్ చుట్టూ కమ్ముకునే ఆ వాసన కోసమే వచ్చేవాళ్లున్నారంటే అతిశయోక్తి కాదు.

ప్రశ్న: ‘ద లెదర్ బాయ్స్’ను ఈ కోవలో చేర్చవచ్చా?

సగం చేర్చవచ్చు. సిడ్నీ జె. ఫ్యూరీ తీసిన 1964 సినిమా ఇది. అసలు విషయం పెళ్లి, స్నేహం, ఆనాడు పైకి చెప్పుకోలేని ఇష్టం. కాని లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లి తిరిగొచ్చే రోడ్డు పందెం అందులో ఉంది. ఒక వైపుకే దాదాపు 400 మైళ్లు. నాలుగు గ్యాలన్ల ట్యాంకు, గ్యాలనుకు యాభై మైళ్లనుకుంటే దారిలో కనీసం మూడుసార్లు పెట్రోలు పోయించాలి. ఇలాంటి పందెంలో గెలుపోటములు యాక్సిలరేటర్ దగ్గర కన్నా పెట్రోలు బంకు దగ్గరే ఎక్కువ తేలతాయి. ఆ కుర్రాళ్ల అడ్డా అయిన లండన్‌లోని ఏస్ కెఫే నిజమైనదే. 1938లో తెరిచారు, 1969లో మూతపడింది, 2001లో మళ్లీ తెరుచుకుంది.

ప్రశ్న: ‘సిల్వర్ డ్రీమ్ రేసర్’లోని వెండి రంగు బండి ఉత్త డొల్లేనా? ముగింపు గురించి కూడా రెండు రకాలుగా విన్నాను.

డొల్ల కాదు. వేల్స్‌కు చెందిన బార్టన్ సంస్థ కట్టిన ఫీనిక్స్ అది. 500 సీసీ, టూ స్ట్రోక్, నాలుగు సిలిండర్లు చతురస్రంగా అమర్చినవి. అంటే ముందు రెండు, వెనక రెండు, కింద రెండు క్రాంక్‌షాఫ్టులు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసులు). నాలుగూ వరసగా పెడితే ఇంజను వెడల్పై మలుపులో నేలకు తగిలే ప్రమాదముంది. చతురస్రంలో ఇరుకుగా సర్దుకుంటుంది, బదులుగా వెనక సిలిండర్లకు చల్లదనం అందించడం కష్టమవుతుంది, అందుకే నీళ్లతో చల్లార్చే పద్ధతి. జపాన్ కంపెనీలు ఏలుతున్న కాలంలో చిన్న బ్రిటిష్ వర్క్‌షాపు అలాంటి యంత్రం కట్టడమే ఒక కథ. సినిమా అంతకన్నా పలచని కథ ఎంచుకుంది. హీరో డేవిడ్ ఎసెక్స్ పాటలు బాగుంటాయి, బ్రాండ్స్ హాచ్ ట్రాక్ మీద రేసు బాగుంటుంది, మధ్యలో వచ్చే మాటలు భరించాలి. చివరికి ఉంచుకోమన్నది అందుకే.

ముగింపు తెలియకూడదనుకుంటే ఈ పేరా దాటేయండి. బ్రిటన్‌లో ఆడిన ప్రతిలో హీరో గెలిచీ గెలవగానే బండి పడి చనిపోతాడు. అమెరికా కోసం గెలుపుతో ఆపేశారు. మొదటిదే చూడండి, రెండోది చూస్తే సినిమా చివర అరచెంచా తేనె కలిపినట్టుంటుంది.

ప్రశ్న: నా డిస్కులో మనుషులు లావుగా, చక్రాలు కోడిగుడ్డులా ఉన్నాయి. పైగా 80 నిమిషాల సినిమా 77 నిమిషాల లోపే అయిపోయింది. కత్తిరించారా?

రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది టీవీ సెట్టింగు. 1930, 40ల సినిమాల చట్రం దాదాపు చతురస్రం, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. దాన్ని వెడల్పాటి టీవీ నిండా సాగదీస్తే ప్రతిదీ మూడో వంతు లావెక్కుతుంది. పిక్చర్ సెట్టింగులో 4:3 గాని ఒరిజినల్ గాని పెట్టండి, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. నేరుగా పక్కనుంచి కనిపించే బండి దగ్గర ఆపి, చక్రం అడ్డంగా, నిలువుగా స్కేలుతో కొలవండి. బైకు సినిమాలతో సుఖం అదే, కొలబద్ద తెర మీదే ఉంటుంది. మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. అది లేని ఫ్రేముల్ని కల్పించి స్పోకుల చుట్టూ మరకలు పుట్టిస్తుంది.

రెండోది కత్తిరింపు కాకపోవచ్చు. బ్రిటన్, యూరప్ కోసం చేసిన పాత డిస్కుల్లో 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపిస్తారు. 80 నిమిషాలు 76 నిమిషాల 48 సెకన్లవుతుంది. శబ్దం కూడా ఆ మేరకు, సుమారు ముప్పావు స్వరస్థానం హెచ్చుతుంది, గొంతుల్లోనూ ఇంజన్లలోనూ. మీ డిస్కు నిడివిని 25తో గుణించి 24తో భాగించండి. అసలు నిడివికి సరిపోతే ఏదీ పోలేదు. ఇంకా తగ్గితే అప్పుడు కత్తెరను అనుమానించండి.

ప్రశ్న: మా ఫిల్మ్ క్లబ్బుకు పాత బైకు రేసు సినిమా ప్రింటు ఒకటి దొరికింది. డబ్బా తెరిస్తే పుల్లటి వాసన. ఆడించవచ్చా?

ముందు వెడల్పు చూడండి. 35 మిల్లీమీటర్లదై, 1950ల మొదటికి ముందుదైతే నైట్రేట్, అంటే ఇట్టే అంటుకునే పాతరకం ఫిల్ము, కావచ్చు. అది అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. అంచు మీద ‘సేఫ్టీ’ అని అచ్చుండటం మంచి గుర్తే గాని పూర్తి భరోసా కాదు, ఆ అక్షరాలు వేరే ఫిల్ము నుంచి కాపీ అయి ఉండవచ్చు. ప్రొజెక్టర్ ఎక్కించకండి, పార్శిల్లో పంపకండి, ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయండి.

16 మిల్లీమీటర్లదైతే మంటల భయం లేదు. పుల్లటి వాసన అసిటేట్, అంటే ఆ ఫిల్ము చేసిన ప్లాస్టిక్, కుళ్లుతున్న గుర్తు. ముందు దాన్ని మిగతా రీళ్లకు దూరంగా పెట్టండి, ఆ ఆవిరి పక్కవాటికీ అంటుతుంది. గాలి చొరని డబ్బాలో బిగించకండి, చల్లని పొడి చోట ఉంచండి. తర్వాత కుంచించుకుపోయిందేమో కొలవండి. వంద ఫ్రేములు సరిగ్గా పరిస్తే 762 మిల్లీమీటర్లు రావాలి. 754 కన్నా తక్కువ వస్తే ఒక శాతం మించి కుంచించినట్టే, ప్రొజెక్టర్ పళ్లు రంధ్రాలను చింపేస్తాయి, ఆడించవద్దు, స్కాన్ చేయించండి. కొలత సరిపోతే 80 నిమిషాల సినిమాకు 2,880 అడుగులు ఉండాలి, అంటే 1,600 అడుగుల రీళ్లు రెండు. పొడవు తగ్గితే ఏదో రీలు చివర తెగిపోయి ఉంటుంది.

బ్రిటన్‌లో పదిమంది ముందు ఆడించాలంటే హక్కుదారు అనుమతి విడిగా కావాలి. ప్రింటు మీ చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదు, సినిమా 1935దైనా సరే. అక్కడ గడువు విడుదల తేదీ నుంచి లెక్కకు రాదు. దర్శకుడు, స్క్రీన్‌ప్లే రచయిత, మాటల రచయిత, సినిమా కోసం సంగీతం కూర్చినవారు, వీరిలో ఆఖరున పోయినవారి మరణం తర్వాత 70 ఏళ్లు.